కోతకు ముందు పడాల్సిన మందు

నాకు ముక్కు మీద కోపమంటారు. అది నిజం కాదు. నాకున్నది మురికి మీద కోపం. బడి క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషిని నేను. నా వంటగదిలోకి ఎవరొచ్చినా, ఆఖరికి ప్రిన్సిపల్ మేడమ్ అయినా సరే, జుట్టు ముడేసుకుని మోచేతుల దాకా సబ్బు పెట్టుకున్నాకే గడప దాటాలి. గోరు కింద నల్లగా కనిపించిందంటే ఆ మనిషికి ఆ పూట గరిటె దక్కదు. పిల్లలు నాకు సబ్బక్క అని పేరు పెట్టారు. ఎదురుగా అనేంత ధైర్యం లేదు గానీ, కిటికీ అవతల గుసగుసలాడుకుంటే నాకు వినపడకుండా పోతుందా? తోటి వంటవాళ్లు నా చాదస్తానికి తల బాదుకునేవాళ్లు. బాదుకోనీ, బాదుకున్నాక మళ్లీ చేతులు కడుక్కుంటే చాలు అనేదాన్ని.

ఇంట్లో నా చాదస్తాన్ని నవ్వకుండా అర్థం చేసుకున్న మనిషి ఒక్కతే. మా వదిన, అంటే మా ఆయన అక్క. పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఆమె హెడ్ నర్సు. అక్కడ డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరూ పెద్ద సిస్టర్ అంటారు. మా ఇంటికొస్తే ముందు సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాకే కుర్చీ లాక్కునేది. పెళ్లయిన కొత్తలో అది చూసి, ఈ ఇంట్లో నాకో తోడు దొరికిందని పొంగిపోయాను. మా అత్తగారు, మా ఆయన కబుర్లు చెప్పుకుంటుంటే మేమిద్దరం వంటింట్లో చేరి, గిన్నెలు తుడిచే గుడ్డ ఎన్నాళ్లకోసారి మార్చాలి, స్టీలు గిన్నె అంచు కింద జిడ్డు ఎలా వదిలించాలి అని గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం. వినేవాళ్లకి నవ్వొచ్చే మాటలే. మాకు మాత్రం అవి ప్రాణం.

తన పని గురించి చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. ముఖ్యంగా ఆగడం గురించి. కడుపు మీద కత్తి పెట్టేముందు థియేటర్లో అందరూ చేతిలో పని ఆపేసి నిలబడతారట. డాక్టరు పైకి అడుగుతాడు, రోగి ఎవరు, ఏం ఆపరేషన్, చీము పట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ పడిందా అని. తెలిసినవాళ్లు పైకి జవాబు చెప్పాలి. మొదట్లో డాక్టర్లు దీన్ని వేళాకోళం చేశారట. మా వదినే పట్టుబట్టి, పోట్లాడి, ఒంటికాలి మీద లేచి ఆ పద్ధతి నిలబెట్టింది. "నోటితో చెప్పాలి, చెవితో వినాలి, అప్పుడే కత్తి" అనేది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, పొయ్యి వెలిగించేముందు మా వంటవాళ్లని కూడా అలాగే నిలబెట్టి అడగడం మొదలుపెట్టాను. వాళ్లు నన్ను ఇంకా తిట్టుకున్నారు.

నా గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసేయాలని తేలినప్పుడు నేను భయపడలేదు. వదిన ఉండగా భయమెందుకు? డాక్టర్ని తనే మాట్లాడింది, మంచి రోజు అంటే థియేటర్ తీరిగ్గా ఉండే రోజు అని చెప్పి తనే తేదీ కుదిర్చింది. "ఆ రోజు నీ ఒంటి మీద పరాయి చెయ్యి పడదు, చూస్తూ ఉండు" అంది. నేను నవ్వి, అయితే కోత కూడా మీరే కోయండి అన్నాను.

నడుముకి మత్తిచ్చారు. కాళ్లూ కడుపూ నావి కాకుండా పోయాయి గానీ నాకు మెలకువ ఉంది. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు, చేతికి సెలైన్ సూది పెట్టారు. చీము పట్టకుండా ఇచ్చే ఆ ఇంజెక్షన్ కూడా మామూలుగా మత్తు డాక్టరే ఇవ్వాలి. మా వదిన ఆయన్ని వారించడం నా చెవులతో విన్నాను. మా మరదలికి సూదంటే భయం, చెయ్యి పట్టుకుని నేనే ఇస్తాను, మీరు వదిలేయండి అంది. ఆయన సరేనని నవ్వాడు. నాకు సూదంటే భయం లేదు. అయినా ఆ మాట వినడానికి ఎంతో బాగుంది, ఊరుకున్నాను.

ఇంతలో తలుపు దగ్గర ఎవరో పిలిచారు. పనిముట్ల పెట్టె మీద చుట్టిన గుడ్డ చిరిగి కనిపించిందట. వదిన వెళ్లింది. ఆ పెట్టె పక్కన పెట్టించి, ఇంకోటి తెప్పించి, చిరిగింది కట్టిన మనిషిని దులిపేసి తిరిగొచ్చేసరికి డాక్టరు గ్లవుజులు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. అందరూ ఆగారు. నా పేరు అడిగాడు, చెప్పారు. ఆపరేషన్ పేరు అడిగాడు, చెప్పారు. ఇంజెక్షన్ పడిందా అన్నాడు.

"పడింది డాక్టర్" అంది మా వదిన.

ఆ గొంతు వినగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది. తర్వాత కడుపు మీద ఎవరో బీరువాలో బట్టలు సర్దుతున్నట్టు లాగుడు తెలిసింది, నొప్పి లేదు. మత్తు డాక్టర్ని పక్క థియేటర్ వాళ్లు ఏదో అడిగితే ఆయన తలుపు దాకా వెళ్లాడు. అప్పుడు వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర్నుంచి మోచెయ్యి దాకా సన్నగా చల్లదనం పాకింది. ఏంటి వదినా అన్నాను. "బలానికి" అంది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. పిచ్చిది, నామీద ఎంత ప్రేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, కళ్లు కూడా చెమర్చాయి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత జ్వరం. కుట్ల చుట్టూ ఎర్రగా పొంగింది, ముట్టుకుంటే వేడి. ఆసుపత్రిలో డాక్టరు చూసి అక్కడికక్కడే రెండు కుట్లు విప్పాడు. చీము కారింది. వాసనొచ్చింది. నా ఒంట్లోంచి ఆ వాసన. జన్మంతా వాసనల మీద యుద్ధం చేసిన మనిషిని నేను. గోడవైపు తిరిగి ఏడ్చాను, నొప్పికి కాదు.

ఆ రోజు మంచం చుట్టూ మా ఆయన, అత్తగారు, నన్ను చూడ్డానికొచ్చిన క్యాంటీన్ మనిషి ఉన్నారు. వదిన దుప్పటి సర్దుతూ అడిగింది, స్నానం చేసేటప్పుడు తడి తగిలిందా, కట్టు కింద చెయ్యి పెట్టావా అని. లేదన్నాను. ఇంకేం అనలేదు ఆమె, ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంది. పెద్ద సిస్టర్ అలా అడిగి అలా నిట్టూరిస్తే చాలదూ? ఇక వేరే తీర్పు ఎందుకు? అత్తగారు ఇంటికొచ్చాక తన కంచం, గ్లాసు పక్కకు తీసి పెట్టుకున్నారు. నేను లేచి తిరిగే ఓపిక వచ్చి పొయ్యి దగ్గరికి వెళ్తే, నాకు ఆకలి లేదమ్మా అని తన వంట తనే చేసుకోవడం మొదలుపెట్టారు. పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడి పలకరించి వెళ్లేది.

మా ఆయన ఒక్కడే నా చేతి వంట తిన్నాడు. డిపోలో బస్సులు బాగుచేసి, నూనె మరకలతో ఇంటికొచ్చి, స్నానం చేసి, నేను పెట్టింది పెట్టినట్టు తినేవాడు. ఇంకాస్త వెయ్యి అనేవాడు. అమ్మ మాటలు పట్టించుకోకు, పాతకాలం మనిషి అనేవాడు. ఆ రోజుల్లో నాకు మిగిలిన గౌరవమంతా ఆ కంచంలోనే ఉంది. ఊరంతా వేలెత్తి చూపిస్తున్నా నా మనిషి నన్ను నమ్మాడు అని మురిసిపోయాను. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని, సంతోషంతో.

వదిన రోజూ వచ్చి కట్టు మార్చేది. ఆమె చేతుల్లో ఎంత నెమ్మది ఉండేదో చెప్పలేను. ఆసుపత్రిలో పగలంతా నిలబడి, ఇంటికి కూడా పోకుండా నా దగ్గరికొచ్చేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఇంత చేసే మనిషికి నా అశ్రద్ధ వల్ల ఎంత చెడ్డపేరు అని. అవును, ఆ సరికి నాకే అనుమానం పట్టుకుంది. నిద్రలో గోకానేమో, తువ్వాలు సరిగ్గా ఉతకలేదేమో అని.

పుండు మానుతుండగా బడికి వెళ్లాను. నా గరిటె నాకివ్వండి అని అడగడానికి. ప్రిన్సిపల్ మేడమ్ కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడింది. వార్త ఎలా పాకిందో గానీ పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురు వచ్చి అడిగారట, తన ఒళ్లు తను శుభ్రంగా ఉంచుకోలేని మనిషి మా పిల్లలకి వండుతుందా అని. అందుకని నన్ను సామాన్ల గదికి మారుస్తానంది. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు చూసుకోవాలి. పొయ్యి దగ్గరికి రాకూడదు.

"నాకు మీ సంగతి తెలుసు. కానీ నా మాట వాళ్లు వినరు. ఆసుపత్రి వాళ్లెవరైనా వచ్చి ఇందులో ఈమె తప్పేం లేదని ఒక్క మాట చెప్తే, నేను రేపే మీకు వంటగది అప్పగిస్తాను" అంది.

ఒక్క మాటే కదా, మా వదిన ఉందిగా అనుకున్నాను.

మర్నాడు కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు వెంట నేర్చుకునే కుర్ర డాక్టర్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నేనూ ఆ బల్లా ఒకటే అన్నట్టు నా మీదుగా మాట్లాడుకుంటున్నారు. కడుపు కోసే ఆపరేషన్‌కి చీము పట్టకుండా మందు ఎప్పుడివ్వాలి అని ఆయన అడిగాడు. ఆపరేషన్ అయ్యాక వారం పాటు అన్నాడొక అబ్బాయి. డాక్టరు వాడికి గడ్డి పెట్టాడు. కోతకు ముందు, గంటలోపు పడాలి, కత్తి చర్మాన్ని తాకేసరికి మందు రక్తంలో తిరుగుతూ ఉండాలి, ఆ ఒక్క డోసు సరిగ్గా పడితే చాలామందికి తర్వాత రోజుల తరబడి పొడవాల్సిన పనే లేదు అన్నాడు. ఈమెకి ముందే పడింది, అయినా చీము పట్టింది, ఒక్కోసారి అలా అవుతుంది, మందు ముప్పు తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసేయదు అని కూడా అన్నాడు.

"కోశాక ఇస్తేనో?" అన్నాను. బల్ల మాట్లాడినట్టు అందరూ ఉలిక్కిపడి చూశారు.

డాక్టరు నవ్వాడు. "మీరు వంట చేస్తారు కదమ్మా. అన్నం అడుగంటాక మంట తగ్గిస్తే ఏం లాభం?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లేచి బట్టలు సర్దుకుంటుంటే నా చెయ్యి కనిపించింది. సూది పెట్టిన చోట పసుపుపచ్చగా మరక ఇంకా ఉంది. కడుపులో లాగుడు. తర్వాత చల్లదనం. ముందు లాగుడు, తర్వాత చల్లదనం. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా వరస మారలేదు.

థియేటర్ పక్కన బట్టలు మడతపెట్టే గదిలో దొరికింది వదిన. తలుపు వేసి, ఆ రోజు నా చేతికిచ్చింది బలానికి కాదు కదా అన్నాను. కడుపు కోస్తుంటే నా చెయ్యి చల్లబడిందని చెప్పాను. ఆమె మడతపెడుతున్న గుడ్డ అలాగే పట్టుకుని కూలబడింది. దాచడానికి ప్రయత్నించలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. పెట్టె గొడవలో పడి వచ్చేసరికి డాక్టరు అడిగేశాడట, అలవాటైన జవాబు నోట్లోంచి వచ్చేసిందట. తిరిగి చూస్తే ట్రేలో సిరంజి నిండుగా ఉందట. అప్పటికే కత్తి పడింది.

"అప్పుడైనా చెప్పొచ్చుగా వదినా. డాక్టరు ఏమనేవాడు?"

"ఏమీ అనడు. వెంటనే ఇవ్వమనేవాడు, రాసుకునేవాడు, అంతే. కానీ అలా ఆగి అడగడం నేర్పించింది నేనే. పడిందని అబద్ధం చెప్పిన మొదటి మనిషిని నేనేనని అందరి ముందూ ఎలా చెప్పుకోను?" అని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ముందే ఇచ్చినా పట్టేదేమో, ఎవరికి తెలుసు అంది.

అదీ నిజమే. ఆ మందు లేకే నాకు చీము పట్టిందని ఒట్టేసి చెప్పగలవాళ్లెవరూ లేరు. డాక్టరూ చెప్పలేడు. నేనడిగింది దాని గురించి కాదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నా చేతిలోనూ కూర మాడింది. నేను మురికిదాన్నని మీ అమ్మ కంచం వేరు చేసుకున్నప్పుడు మీరక్కడే ఉన్నారు కదా వదినా, రోజూ నా కట్టు మారుస్తూ నేను నన్నే అనుమానించుకుంటుంటే విన్నారు కదా అని అడిగాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ప్రిన్సిపల్ దగ్గరికి వచ్చి నీ తప్పేం లేదని చెప్తాను, నీ పేరు నేనే నిలబెడతాను, నా సంగతి మాత్రం బయటపెట్టకు అంది. త్వరలో తనని ఆసుపత్రి మొత్తానికి నర్సుల పైఅధికారిని చేయబోతున్నారట.

"తమ్ముడికి కూడా చెప్పకు. వాడు తట్టుకోలేడు" అంది.

మెత్తబడ్డాను. నా గరిటె నాకొస్తే చాలు, ఈమెని బజారుకీడ్చి నాకొచ్చేదేముంది? ఇంటికెళ్లి మా ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు.

అన్నట్టే వచ్చింది. ప్రిన్సిపల్ గదిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మేడమ్ సూటిగా అడిగింది, ఇది ఎందువల్ల వచ్చింది సిస్టర్, ఈమె వైపు నుంచి ఏమైనా పొరపాటుందా అని. లేదు అని రెండక్షరాలు చెప్తే చాలు. నేను ఆమె నోటివైపే చూస్తున్నాను. వదిన నా భుజం మీద చెయ్యేసింది, నవ్వింది.

"ఇప్పుడు బాగానే ఉంది మేడమ్. ఇక ముందు జాగ్రత్తగా ఉంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ముందు. అంటే ఇన్నాళ్లూ జాగ్రత్తగా లేననే కదా? తిట్టినా బాగుండేది, తిట్టుకి జవాబు చెప్పొచ్చు. భుజం మీద చెయ్యేసి నవ్వుతూ ఉరి బిగిస్తే ఏం చెప్పను? మేడమ్ తలూపింది, జాలిగా. సామాన్ల గది తాళాలు నా ముందు పెట్టింది. గేటు బయట వదిన, నాకు నోరు రాలేదే, నీ తప్పు లేదంటే మరెవరిదని మేడమ్ మా డాక్టర్ని అడుగుతుందేమోనని భయమేసింది అని గొణిగి, డ్యూటీకి వేళయిందని వెళ్లిపోయింది. మళ్లీ కట్టు మార్చడానికి రాలేదు. నేనే మార్చుకున్నాను.

ఆఖరిసారి డాక్టరుకి చూపించుకోవాల్సిన రోజున మా ఆయన డిపోకి సెలవు పెట్టి నాతో వచ్చాడు. తన మరదలని చెప్పి ముందు పిలిపించడానికి వదిన కూడా గదిలోనే ఉంది. పుండు పూర్తిగా మానింది, మచ్చ ఒక్కటే మిగులుతుంది అన్నాడు డాక్టరు. ఇంకేమైనా అడగాలా అన్నాడు. అప్పటిదాకా ఏం మాట్లాడాలో అనుకోలేదు నేను. అనుకుని ఉంటే భయపడేదాన్నేమో.

"నాకు ఆ ఇంజెక్షన్ కోతకు ముందు పడలేదు డాక్టర్ గారూ. మీరు కోశాక పడింది. నేను మెలకువగానే ఉన్నాను" అన్నాను. అంతే అన్నాను, ఇంకొక్క మాట కలపలేదు.

డాక్టరు వదినవైపు చూశాడు. వదిన నేలకేసి చూసింది, తర్వాత మెల్లగా తల తిప్పి మా ఆయనకేసి చూసింది. ఆ చూపు నాకు అర్థమయ్యేలోపే ఆయన ముందుకొచ్చాడు. పెద్దవాళ్ల దగ్గర నవ్వే నవ్వొకటి ఉంది ఆయనకి, అది నవ్వాడు.

"మత్తులో ఏదేదో అనిపిస్తుంది కదండీ. చెయ్యి చల్లబడ్డంత మాత్రాన ఇంజెక్షనే అనుకుంటే ఎలా, అది సెలైన్ అయి ఉంటుంది. ఈమెకి కొంచెం అనుమానం ఎక్కువండీ, ఇంట్లో కూడా ఇంతే."

నాకు మొదట ఆ ఆఖరి మాట తగిలింది. దాని వెనకాల ఇంకో మాట నెమ్మదిగా తగిలింది. చెయ్యి చల్లబడిందని ఈ గదిలో నేను చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు. ఒక్క వదినకే చెప్పాను, తలుపు వేసి. తమ్ముడికి చెప్పకు అని నాతో మాట తీసుకున్న వదినకి.

"చెయ్యి సంగతి మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను.

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. డాక్టరు తెలివితక్కువవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, సిస్టర్, మీరు చెప్పండి అన్నాడు.

"కోత తర్వాత ఇచ్చాను డాక్టర్" అంది వదిన.

ఆయన ఆమె మీద అరవలేదు. సాయంత్రం నా గదికి రండి అన్నాడు, అంతే. నావైపు తిరిగి, ముందే పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేనమ్మా, కానీ మావైపు ఒక తప్పు జరిగింది, మీవైపు జరిగినట్టు నాకేమీ కనపడలేదు, క్షమించండి అన్నాడు. నేను ప్రిన్సిపల్ సంగతి చెప్పాను. అప్పుడే, నా ఎదురుగానే, ఆవిడకి ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. ఫోన్‌లో మేడమ్ గొంతు నాకూ వినపడింది. రేపటి నుంచే వంటగదిలోకి రమ్మనండి అంటోంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన పక్కన నిలబడ్డాడు.

ఎప్పుడు చెప్పింది అని అడిగాను. కుట్లు విప్పిన రోజే అన్నాడు. ఆ రోజు సాయంత్రమే అక్క పిలిచి ఏడ్చిందట. అక్క ఇన్నేళ్ల ఉద్యోగం, రేపోమాపో పెద్ద పదవి, నీదేముంది, కొన్నాళ్లు పోతే అందరూ మర్చిపోతారనుకున్నాను అన్నాడు. బట్టల గదిలో నేను నిలదీసిన సంగతి కూడా, అది జరిగిన రోజే అక్క ఫోన్ చేసి చెప్పిందట, ఇది ఎక్కడైనా నోరు జారితే నువ్వు చూసుకో అని. చూసుకున్నాడు పాపం.

వాళ్ల అమ్మ కంచం పక్కకు తీసి పెట్టుకున్నప్పుడు ఈయనకి తెలుసు. పక్కింటావిడ గుమ్మం దాటనప్పుడు తెలుసు. బియ్యం బస్తాల మధ్య నిలబడి ఇంటికొచ్చి నేను అన్నం మానేసి పడుకున్న రోజున, లే, రెండు ముద్దలు తిను అని బతిమాలినప్పుడూ తెలుసు.

"అందరూ మానేసినా మీరు నా చేతి వంట తిన్నారు" అన్నాను. "నన్ను నమ్మి తింటున్నారనుకున్నాను."

ఆయన నా పక్కన కూర్చుని, ఓదార్చే గొంతుతోనే అన్నాడు. "నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయని నాకు తెలుసు కదే."

వదిన భయపడింది. భయపడ్డ మనిషి ఏమైనా చేస్తుంది, ఆమె మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో. ఈయన భయపడలేదు. కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కుని, హాయిగా నిద్రపోయాడు.

ఇంటికి పోదాం పద అన్నాడు. మీరు వెళ్లండి అన్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. రేపు పొద్దున్నే వంటగదిలో పనుంది నాకు, పెద్ద గిన్నెలన్నీ దింపించి మొదటి నుంచీ తోమించాలి. అది తల్చుకుంటే సంతోషంగానే ఉంది. ఈ మధ్యలో ఇంటికి వెళ్లడానికే కాళ్లు రావడం లేదు.